బూరె మెడలో పట్టీ

పిల్లి తనని "మామ్మగారూ" అని పిలవాలని అత్తగారు, ఉత్త "మామ్మా" చాలని ఆవిడ కొడుకు శేషు పొద్దున్నే పేచీ పెట్టుకున్నారు. ప్రతి పిల్లి మెడలోనూ దాని తరఫున మాట్లాడే పట్టీ ఉన్న రోజులవి. శేషు భార్య సుభాషిణి మాత్రం పిల్లినే చూస్తోంది. బూరె అనే ఆ పిల్లి నిన్నటి నుంచీ పాలు వాసన చూసి వెనక్కి తగ్గుతోంది. చొంగ కారి గడ్డం కింద బొచ్చు అట్టకట్టింది.

తెర మీదికి వచ్చిన పిల్లుల స్పెషలిస్టు పట్టీనే అడిగాడు. "ఎక్కడమ్మా నొప్పి?"

"కడుపులో కాస్త నలతగా ఉందండీ. మీ మందేసుకుంటే తగ్గిపోతుంది," అంది పట్టీ, చంటిపిల్ల గొంతుతో.

"ఒకసారి దాని నోరు చూడండి డాక్టరుగారూ," అంది సుభాషిణి.

"పేషెంటే చెబుతుంటే మధ్యలో మీరెందుకమ్మా?" అని నవ్వి ఆయన మాయమయ్యాడు.

ఆమె బూరెకి తువ్వాలు చుట్టి నోరు తెరిచింది. కుళ్లు వాసన గుప్పుమంది. చిగురు పగిలి చీము కారుతోంది. పిల్లి నొప్పితో గింజుకుంటుంటే, "ఎంత హాయిగా ఉందో!" అని పట్టీ కిలకిలలాడింది. ఆ నవ్వు వినగానే సుభాషిణి పిల్లిని వదిలి లేచింది. కత్తెర తెచ్చి పట్టీ కత్తిరించేసింది.

రాత్రి చారు వడ్డిస్తూ చెప్పింది. "రేపు బూరెని రాజమండ్రి తీసుకెళుతున్నాను. అక్కడ పిల్లుల పళ్లు చూసే డాక్టరమ్మ ఉంది. చేత్తో పట్టుకుని చూస్తుందట."

"పట్టీ లేకుండా ఆవిడకి ఇదేం చెబుతుందే?" అన్నాడు శేషు.

"ఏమీ చెప్పదు. నొప్పి పుడితే కరుస్తుంది. ఆవిడకి అదే చాలట."