కారం తువ్వాలు

"ఆ తువ్వాలు ఇటివ్వు," అంది జయకుమారి సిస్టరు.

బుల్లయ్య ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. ఆవిడ ఊరుకునే మనిషా? ఒక్క లాగు లాగింది. తువ్వాలు చేతికి రావడమే తడవు, తుమ్ములూ దగ్గూ కలిసి కమ్ముకున్నాయి, కళ్ళు భగ్గుమన్నాయి. గుడ్డనిండా ఎండుమిరప కారమే. కళ్ళు తుడుచుకుంటూనే అంచున ఉన్న ముడి విప్పింది. ఇందాక తన చేత్తో ఇచ్చిన తెల్ల మాత్ర అందులో తడితడిగా ఉంది.

ఆ మిషను ఆసుపత్రిలో నల్లమందు మాన్పించే వైద్యం మొదలుపెట్టి ఏడాదయింది. రోజూ పొద్దున్నే వచ్చి, సిస్టరు ఎదుట మాత్ర నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా బల్ల మీద కూర్చోవాలి. ఆ మాత్ర ఒంటి బాధ ఆపుతుంది, మనసును నల్లమందు మీదికి పోనివ్వదు. కల్లాల్లో మిరపకాయల బస్తాలు తొక్కే బుల్లయ్య నలభై రోజులుగా ప్రత్తిపాడు నుంచి మొదటి బస్సుకే వస్తున్నాడు. నల్లమందు మానినవాళ్ళకు మొదట్లో కళ్ళూ ముక్కూ కారతాయి. మాత్ర పడితే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ఇతనికి మాత్రం నలభయ్యో రోజున కూడా ధారలే. మాత్ర నోట్లో పెట్టుకోగానే తువ్వాలుతో మొహమంతా తుడుచుకుంటాడు. సిస్టరుకు అనుమానం వచ్చింది అక్కడే.

ఇక ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. అయ్యో పాపమని మందిస్తుంటే బయట అమ్ముకుంటున్నావా, నీలాంటివాళ్ళ వల్లే అసలు రోగులకు మందు అందట్లేదు, ఇవాళ్టితో నీ పేరు కొట్టేయిస్తానని దులిపేసింది. బుల్లయ్య కాళ్ళ మీద పడ్డాడు. పేరు కొట్టెయ్యొద్దు, కొట్టేస్తే మా ఇంట్లో ఒక ప్రాణం నిలవదని అదే మాట పదిసార్లు అన్నాడు.

ఆ గోలకు ప్రేమదాసు డాక్టరుగారు బయటికి వచ్చారు. మాత్ర చూశారు, తువ్వాలు వాసన చూశారు, బుల్లయ్య రెప్పలెత్తి కంటిపాపలు చూశారు.

"మొదటిరోజు ఈ కారం నన్ను కూడా బోల్తా కొట్టించిందయ్యా. నువ్వు జన్మలో నల్లమందు ముట్టలేదు. ఎవరికి ఈ మాత్ర?"

"మా ఆడమనిషికండి. కోటిరత్నానికి."

తల వంచుకునే అంతా చెప్పాడు. నిరుడు మిరపకాయల కోతలప్పుడు కోటిరత్నం ఎనిమిది నెలల కొడుకును చంకనేసుకుని చేలోకి వెళ్ళింది. కోతలకెళ్ళే తల్లులు చేసే పనే తనూ చేసింది. ఆవగింజంత నల్లమందు పాలల్లో రంగరించి పట్టి, గట్టున గుడ్డ పరిచి పడుకోబెట్టింది. పొద్దు నడినెత్తికొచ్చాక పాలివ్వబోతే బిడ్డ లేవలేదు. ఆ రోజు నుంచీ ఆ నల్లమందు డబ్బీ ఆమె చెయ్యి వదల్లేదు. తినకపోతే పిల్లాడి ఏడుపు వినపడుతుందంటుంది. బిడ్డను మింగిందని ఇప్పటికే అంటున్న ఊరు, ఆసుపత్రికెళితే నల్లమందుదని కూడా అంటుందని గడప దాటలేదు. చేసేదిలేక బుల్లయ్య తన పేరే రాయించుకున్నాడు. ఊళ్ళో చిన్నా పెద్దా తనను నల్లమందు బుల్లయ్య అంటున్నా పడ్డాడు.

"నెల్లాళ్ళ నుంచి డబ్బీ ముట్టట్లేదండి," అన్నాడు. "అన్నం తింటోంది. ఏడుపు మాత్రం ఇంకా వినపడుద్దంట. ఉన్నట్టుండి చెవులు మూసుకుంటది."

సిస్టరు కోపం ఎటు పోయిందో పోయింది. తన నోటిని తనే తిట్టుకుంది. కొత్త కార్డు తీసి కోటిరత్నం పేరు రాసింది. రేపటి నుంచి ఎవరి కంటా పడకుండా వెనక గేటు మీదుగా తన గదికే తీసుకురమ్మంది. ఇవాళ్టి మాత్ర తనే బస్సెక్కి వచ్చి ఇస్తానంది. డాక్టరుగారు బుల్లయ్యను బల్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నారు.

"మాత్ర ఒంటి బాధకే బుల్లయ్యా. ఆ ఏడుపు మాత్రకు ఆగేది కాదు. ఆమెను నా ఎదురుగా కూర్చోబెట్టు. అందరూ పెట్టేదే నువ్వూ పెట్టావమ్మా, కావాలని చేసింది కాదని చెబుతాను. ఒకసారికి నమ్మకపోతే వందసార్లు చెబుతాను."

బుల్లయ్య లేవలేదు. బస్సుకు వేళవుతోంది పదమని సిస్టరు భుజం తట్టింది. అయినా కదల్లేదు. కారం తువ్వాలు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, ఇతని కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

"మీరు చెప్తే సరిపోదండి, నేను చెప్పాల," అన్నాడు. "ఆ పొద్దున ఆమె నీళ్ళకెళ్ళినప్పుడు పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, నేనే ఓ ఆవగింజంత పెట్టానండి. ఆ సంగతి తెలియక చేలోకెళ్ళి ఆమె మళ్ళీ పెట్టింది."