ఘాటు లేని పొగ

గట్టిగా పీల్చాడు. పొగ రాలేదు. తీయటి ద్రవమేదో వేడివేడిగా నాలుకకు తగిలింది.

త్రినాథరావు ఉమ్మేశాడు. దగ్గు ఆగాక, చేతిలోని నల్లటి గొట్టాన్ని కోపంగా చూశాడు.

దాన్ని వేప్ అంటారట, లిక్విడ్ పోసి ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్. కోచింగ్ సెంటర్లో తోటి లెక్చరర్ వంశీకృష్ణ ఇచ్చాడు.

"సిగరెట్ మానాలంటే ఇదే దారి మాస్టారూ. అమ్మడం నిషేధం. చాటుగా వాడుకోండి" అన్నాడే గానీ, ఎలా వాడాలో చెప్పలేదు.

మానక తప్పని పరిస్థితి. నాగోల్‌లో ఉంటున్న కూతురు తన్మయికి నెలలు నిండకుండా పాప పుట్టింది.

"ఆ కంపుతో దగ్గరికి రావొద్దు నాన్నా. దాని ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు" అంది తన్మయి.

మనవరాలిని గుమ్మం దగ్గర నిలబడే చూసి వచ్చాడు త్రినాథరావు.

"గట్ల గుంజొద్దు సార్."

తిరిగి చూశాడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభం పక్కన, తోపుడుబండి మీద ఫోన్ కవర్లు అమ్ముకునే మనిషి.

"గది సిగరెట్ గాదు. ఉడుకుడుకు చాయ్ ఎట్ల తాగుతరు? జర జర జుర్రుకుంట తాగుతరు గద. గట్లనే."

జుర్రాడు. ఈసారి పొగ వచ్చింది. మామిడిపండు వాసన.

"లిక్విడ్ నిండ పోయకుండ్రి. పోసినంక కొద్దిసేపు ఆగాలె. లోపటి దూది నానకముందే గుంజితే మాడు వాసనొస్తది."

"నీకెలా తెలుసయ్యా?"

"నేను గూడ గిట్లనే మానిన సార్. అయిపోతే నాకు చెప్పుండ్రి, నేను పోస్త. ఎక్కడ పడితే అక్కడ కొనకుండ్రి. ఏం కలుపుతరో ఏమో."

కొత్త విద్య అంత తేలిగ్గా పట్టుబడలేదు. ఒకరోజు మూత సరిగా బిగించక జేబులో కారిపోయింది. క్లాసంతా మామిడి వాసన. పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. ఇంకోరోజు తొందరపడి పీల్చి మాడు వాసనతో గొంతు మండించుకున్నాడు. ప్రతిసారీ బండి దగ్గరికే పరిగెత్తాడు. ఆ మనిషి విసుక్కోకుండా దూది మార్చి, తుడిచి, లిక్విడ్ పోసి ఇచ్చేవాడు.

"ఎట్లుంది సార్? నిద్ర పడుతుందా? చేతులు వణుకుతున్నయా?" అని అడిగేవాడు.

అమ్ముకునేవాడికి ఈ ఆరాలన్నీ ఎందుకో అనుకునేవాడు త్రినాథరావు.

సిగరెట్ పెట్టె కొనడం మానేశాడు. దసరా అయిన రెండు నెలలకు ఒక ఆదివారం తన్మయి తండ్రి చొక్కా దగ్గర ముక్కు పెట్టి చూసింది. పాపను తెచ్చి ఒళ్లో పెట్టింది. పాప ఆయన వేలు పట్టుకుని నిద్రపోయింది.

ఆ మర్నాడే వంశీకృష్ణ ఆయన వేప్ తీసుకుని ఒక గుక్క పీల్చి మొహం చిట్లించాడు.

"ఇందులో ఏముంది మాస్టారూ? ఉత్త ఆవిరి. మీకు లిక్విడ్ పోసేవాడెవడో మిమ్మల్ని నిలువునా ముంచుతున్నాడు."

పదిమందికి లెక్కలు చెప్పే తనను ఫుట్‌పాత్ మీద ఒకడు ముంచడమా? త్రినాథరావుకు తల కొట్టేసినట్టయింది. నేరుగా బండి దగ్గరికి వెళ్లాడు.

"ఏమయ్యా, నీళ్లు కలుపుతున్నావా?"

కవర్లు చూస్తున్న ఆడపిల్లలు తలలెత్తారు.

"జర నిమ్మళంగ సార్. గా ఘాటు లేక ఏమన్న పరేషాన్ అయితున్నరా?"

"నా సంగతి నీకెందుకు? నువ్వు దొంగవా కాదా, అది చెప్పు. అసలు ఇది అమ్మడమే నేరం. పోలీసులకు ఒక్క ఫోన్ కొడితే నీ బండి ఉండదిక్కడ."

ఆ మనిషి తల వంచుకుని కవర్లు సర్దుకోసాగాడు.

దొరికిపోయాడు కాబట్టే తల వంచుకున్నాడనుకున్నాడు త్రినాథరావు.

ఆ సాయంత్రం వంశీకృష్ణ చెప్పిన చోటికి వెళ్లాడు. ఎల్బీనగర్‌లో ఒక సందు. అక్కడి కుర్రాడు చిక్కటి లిక్విడ్ పోసి ఇచ్చాడు.

ఒక గుక్క పీల్చాడు. కళ్లు బైర్లు కమ్మాయి. రెండో గుక్కకు గోడ పట్టుకుని అక్కడే వాంతి చేసుకున్నాడు.

కుర్రాడు నీళ్ల సీసా అందించాడు.

"కొత్తనా సార్? ఎన్నడు తాగనోళ్లకు గిట్లనే అయితది."

"ముప్పై ఏళ్లుగా తాగుతున్నానయ్యా."

కుర్రాడు నమ్మినట్టు లేడు.

రాత్రంతా ఆలోచించాడు త్రినాథరావు. ఘాటు లేకపోతే లేకపోయింది, ఆ కవర్లాయన పోసిందే తన ఒంటికి పడుతుంది. అంత మాట అనకుండా ఉండాల్సింది.

పొద్దున్నే వెళ్లాడు. స్తంభం పక్కన చోటు ఖాళీగా ఉంది. అవతల క్లిప్పులూ రిబ్బన్లూ అమ్మే అండాలమ్మను అడిగాడు.

"సైదులా సార్?"

ఆ పేరు ఆయన వినడం అదే మొదలు.

"పోలీసోళ్లొస్తరేమోనని నిన్ననే బండి తోలుకపోయిండు. ఎటు పోయిండో నాకు గూడ చెప్పలే."

"ఆయన పోసే లిక్విడ్ ఇంకెక్కడైనా దొరుకుతుందా అమ్మా? అదొక్కటే నాకు పడుతుంది."

అండాలమ్మ చేతిలోని రిబ్బన్ చుట్ట కింద పెట్టింది. ఆయన మొహంలోకి జాలిగా చూసింది.

"దాంట్ల సిగరెట్ల ఉండే మందెక్కడిది సార్? జర జర తగ్గించుకుంట వచ్చి, దసరా సంది ఉత్త వాసననే పోస్తుండె మీకు. 'సారు ఎప్పుడో మానిండు అండాలమ్మా, గా ముచ్చట సారుకే ఎరుక లేదు, నువ్వు చెప్పకు' అని ఒక్కడే మురిసిపోతుండె."