వంగిన రాడ్డు

తమ్ముడి మోటారుబండి ముందు ఫోర్కులోంచి తీసిన రాడ్డును అన్న గచ్చు మీద దొర్లించాడు. అది తిన్నగా పోకుండా కుంటుతూ పోయి గోడ దగ్గర ఆగింది.

"ఆయిల్ సీళ్ళు పోయి ఆయిల్ కారుతోంది, మార్చిపెట్టమన్నాడు నీ మరిది," అన్నాడు భార్యతో. "సీళ్ళు వాటంతటవి పోలేదు. రాడ్డు వంగింది. వీడు ఎవర్నో గుద్దాడు."

ఆమె ముఖం పాలిపోయింది. నిన్న సాయంత్రం వంతెన దగ్గర పాలాయన్ని ఏదో బండి గుద్ది చంపేసింది. ఆ దారిన వెళ్ళినవాళ్ళందరినీ పోలీసులు పిలుస్తున్నారు. తమ్ముడు స్టేషన్‌కి వెళ్ళి గంటయింది.

"వాడొచ్చాక అడగండి."

"చెప్పేవాడైతే సీళ్ళ కథ ఎందుకల్లుతాడు?"

"మీరు తిడతారని భయం వాడికి. గీత పడినా మీరు ఇల్లెగిరిపోయేలా అరుస్తారు కదా."

లేత్ మిషన్ మీద పాతికేళ్ళు పనిచేసినవాడికి ఇనుము సంగతి ఒకరు చెప్పాలా? అన్న అటక మీంచి పాత బండి రాడ్డు దించాడు. కొత్త సీళ్ళు రెండూ పైపుముక్కతో తట్టి కూర్చోబెట్టాడు, ఆయిల్ కొలిచి పోశాడు, నట్లు బిగించాడు. గంటలో బండి పెళ్ళికొడుకులా నిలబడింది.

ఇక వంగిన రాడ్డు మిగిలింది. పెట్రోల్లో గుడ్డ ముంచి, దానికేమంటిందో చూసే ధైర్యం లేక ముఖం పక్కకి తిప్పుకుని రుద్దాడు. రంపంతో మూడు ముక్కలు కోశాడు.

"ఇది పాపం కాదండీ? ఆ పాలాయనకీ పెళ్ళాం పిల్లలున్నారు."

"ఉన్నారు. నాకూ తెలుసు," అన్నాడు. "పోయినవాడు ఎలాగూ రాడు. వీణ్ణి కూడా పోగొట్టుకోమంటావా?"

ముక్కల్ని సంచిలో వేసుకుని వెళ్ళి మురుగుకాలువలో పారేసి వచ్చాడు. గుడ్డ కాల్చేశాడు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. తమ్ముడు.

"అన్నా, తిడతావని నీతో అబద్ధం చెప్పాను. నిన్న ఒక లారీ నన్ను రాసుకుంటూ పోయి ముందున్న పాలాయన్ని గుద్దేసింది. చంపింది నేనేనంటున్నారు వీళ్ళు."

"నువ్వేం మాట్లాడకు. బండి చూసుకోమను, ఏమీ లేదు."

"ఉందన్నా. ఆ లారీ పచ్చరంగు ఫోర్కు రాడ్డుకి అంటుకుని ఉంది, ఇప్పుడు అదొక్కటే నాకు సాక్ష్యం. ఎస్సైగారు బయల్దేరారు, ఆయన వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు."