దర్భల మూల

అమావాస్య నాడు తాను వదిలే తర్పణం నీళ్లు నిజంగా ఎవరికి చేరతాయన్నది సోమయాజులు గారి చిరకాల సందేహం. పెళ్లయిన కొత్తలో భార్య అమృతవల్లి కూడా అదే అడిగితే, "తర్వాత చెప్తానులే" అన్నారు. ఆ జవాబు ఇంకా బాకీయే.

ఆ పొద్దున పరిశోధన చేసే అమ్మాయి శ్రీకళ ఏడుపు ముఖంతో పెరట్లోకి వచ్చింది.

"బాబాయిగారూ, మీ దర్భల మూలలో ఎవరైనా నీళ్లు పోస్తున్నారాండీ?"

పలివెలలో ఆయన ఇంటి వెనక, కాలువగట్టు వారగా, ఓ మూల దర్భలు పెరిగిన, ఎన్నడూ నాగలి పెట్టని గడ్డినేల ఉంది. ఆ మట్టిలో కంటికి ఆనని నులిపురుగులు ఏ కాలంలో ఎలా ఉంటాయో శ్రీకళ ఏడాదిగా చూస్తోంది.

"ఏమైంది తల్లీ?"

"వానాకాలంలో అవి చురుగ్గా తిరుగుతాయండీ. ఈ రోహిణీకార్తె ఎండలకి ఉంగరంలా చుట్టుకుని నిద్రపోవాలి. నేలంతా అలాగే ఉన్నాయి. మీ మూలలోవి మాత్రం హాయిగా తిరుగుతున్నాయి! నేను మట్టి పొట్లాలు తారుమారు చేసేనంటున్నారు మా మేడం. కారణం చూపించకపోతే నా ఏడాది పనంతా పోయినట్టే."

సోమయాజులు గారి ముఖం వెలిగిపోయింది.

"ఎవరూ తొక్కని చోటని నా తర్పణం నీళ్లు అక్కడే పోస్తానమ్మా. రాసుకో!"

"ఎన్ని నీళ్లండీ?"

"నెలకి చెంబుడు."

"చెంబుడు నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోతాయి కదండీ..."

"ఉత్త నీళ్లు కాదుగా, మంత్రం ఉంది!"

"మంత్రమంటే మా మేడం ఒప్పుకోరండీ," అంది శ్రీకళ దిగులుగా. అయినా పెద్దాయన ముచ్చట కాదనలేక, సంచిలోంచి ఆ మూల మట్టి కలిపిన నీళ్ల సీసా, మైక్రోస్కోపు తీసి అరుగు మీద పెట్టింది.

ఆయన వంగి చూశారు. నీటిచుక్కలో దారప్పోగుల్లాంటి ప్రాణులు మెలికలు తిరుగుతున్నాయి. కళ్లు చెమర్చాయి.

"బ్రహ్మదేవుడి దగ్గర్నుంచి గడ్డిదుబ్బు దాకా అందరికీ తృప్తి కలగాలని నెలనెలా చెప్పుకుంటున్నానమ్మా. దుబ్బు కింద ఇంతమంది ఉన్నారని ఇవాళే తెలిసింది." వంటింటివైపు తిరిగి కేకేశారు. "వల్లీ! ఇలా రా, నీ బాకీ తీర్చేస్తాను. నా నీళ్లు తాగేది ఎవరో చూద్దువుగాని!"

అమృతవల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఓ కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఆయ్, ఎంత ముద్దుగా ఉన్నాయండీ! సరే, బాకీ చెల్లు." తర్వాత శ్రీకళ చెవి దగ్గర, ఆయనకి వినపడేలాగే అంది. "ఆవుని మా చెల్లాయింటికి తోలేసిన దగ్గర్నుంచీ కుడితి తాగేవాళ్లు లేరు కదా. పూటపూటా బియ్యం కడిగిన నీళ్లన్నీ ఆ మూలనే పోస్తున్నానని మీ మేడంకి చెప్పమ్మా... మంత్రం లేకుండానే!"