పెళ్ళికి ఉంగరాల జుట్టు

"తడి జుట్టు అలా ముడులేసుకుని కూర్చుంటే నీరంతా నెత్తిలోకి దిగుతుందే! మళ్ళీ జ్వరం వస్తే నేనేం చెయ్యను?" అంది సుభాషిణి.

అప్పటికింకా ఏమీ జరగలేదు. కూతురు వైశాలి తలస్నానం చేసి బయటికొచ్చింది, అంతే.

బయట నలభై నాలుగు డిగ్రీలు. ఢిల్లీ మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఇల్లు. ఈ మే నెల ఎండలో జలుబు ఎక్కడినుంచి ఊడిపడుతుందో అమ్మకే తెలియాలి. జనవరిలో న్యుమోనియాతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది వైశాలి. అప్పట్నుంచీ పిల్ల తుమ్మితే చాలు, ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడవు. స్కూలు పిక్నిక్ కూడా మాన్పించేసింది.

మంచం మీద పాత నూలుచీర చింపిన పీలికలు వరసగా పడున్నాయి. తడిజుట్టును పాయలు తీసి, ఒక్కో పాయనీ పీలికకు చుట్టి ముడేసి, ఆరాక విప్పితే ఉంగరాలు తిరుగుతాయని పై అంతస్తు కల్పన ఆంటీ చెప్పింది. పార్లర్ అక్కర్లేదు. జుట్టు కాల్చే యంత్రాలూ అక్కర్లేదు.

వైశాలికి పదిహేనేళ్ళు. నడుము దాటిన జుట్టు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. వచ్చే బుధవారం నెల్లూరులో పిన్ని కూతురు ప్రత్యూష పెళ్ళి. పిన్ని ఇంట్లో అందరివీ ఉంగరాల జుట్లే. పోయినసారి వెళ్ళినప్పుడు "ఢిల్లీ నుంచి చీపురుకట్ట దిగింది" అని వారం రోజులు ఏడిపించారు. ఈసారి వాళ్ళ నోళ్ళు మూతపడాలి. ఇవాళ రిహార్సల్ అన్నమాట.

అమ్మ ఒప్పుకోదనుకుంది. కానీ సుభాషిణే దువ్వెన తీసుకుని వెనకాల కూర్చుంది.

"ఇలా తిరుగు."

"సచ్ మే? నువ్వే చుడతావా అమ్మా?"

"ముచ్చట పడ్డావుగా. తల కదపకు."

ముప్ఫై రెండు ముడులు పడ్డాయి. ఆఖరి ముడి పడుతుండగానే కరెంటు పోయింది. కూలర్ మూలిగి ఆగిపోయింది. మెడ వెనక కారేది నీళ్ళో చెమటో తెలియడం లేదు. ఇలాగైతే జుట్టు రేపటికి కూడా ఆరదని వైశాలి బాల్కనీలోకి పరిగెత్తి, తల వడగాలికి అప్పగించింది.

"వడదెబ్బ కొడుతుందే! ఎల్లుండి రైలు పెట్టుకుని నువ్వు మంచాన పడితే నా గతేం కాను?" అంటూ సుభాషిణి గొడుగు పట్టుకుని వెనకే నిలబడింది. కిందనుంచి కూరగాయల భయ్యా బండి ఆపి మరీ చూశాడు.

నాలుగింటికి ముడులు విప్పారు.

ఉంగరాలు! వేలు పెట్టి లాగి వదిలితే మళ్ళీ చుట్టుకుంటున్నాయి. అద్దంలో ఎవరో కొత్తపిల్ల నిలబడి ఉంది.

కల్పన ఆంటీ కెమెరాతో దిగింది. అమ్మే రమ్మందట.

"క్యా బాత్ హై! ఇంక పెళ్ళికూతురి మొహం ఎవరు చూస్తారే?" అంది కల్పన. అంతలోనే సుభాషిణి వైపు చూసి నవ్వు ఆపేసింది.

"వెనకనుంచి కూడా తియ్యండి కల్పనగారూ. చివర్లు తెగిపోకుండా, జుట్టంతా పడాలి."

"రీల్లో ఇంకా నాలుగున్నాయి."

"నాలుగూ తీసెయ్యండి."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర కల్పన గొంతు తగ్గించింది. "ఇంకా చెప్పలేదా?"

"చెబితే ఏడ్చి గోల చేస్తుంది. ఆఖర్న ఆయనే చెబుతారు."

తలుపు చాటునుంచి వైశాలి అంతా విన్నది.

అర్థమైపోయింది. తనను కల్పన ఆంటీ ఇంట్లో వదిలేసి వాళ్ళిద్దరే వెళ్తున్నారు. రైల్లో ఎండ, పెళ్ళిలో జనం, పిల్లకు మళ్ళీ ఏమైనా అయితే? అమ్మ సంగతి తెలియనిదా! ఈ ఉంగరాలూ ఈ ఫొటోలూ అన్నీ లంచమన్నమాట. అంత ప్రేమగా పాయలు తీసిన చేతులేనా ఇవి! గొడుగు పట్టింది కూడా నటనేనా!

ఆరింటికి రంగనాథ్ ఆఫీసునుంచి వచ్చాడు. చెప్పులు విప్పకముందే కూతురు అడ్డం నిలబడింది.

"నాన్నా, నాకు టికెట్ తీశావా లేదా? సచ్ బోలో! నన్ను మోసం చేస్తున్నారు మీరిద్దరూ."

ఆయన తెల్లబోయి బ్యాగులోంచి టికెట్ తీసి చేతికిచ్చాడు. ముగ్గురు ప్రయాణికులు. చివరి వరసలో ఎఫ్, పదిహేనేళ్ళు. తనే.

వైశాలి ఏడుస్తూనే నవ్వేసింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. "సారీ అమ్మా, నేనేదేదో అనుకున్నాను." సుభాషిణి మాత్రం కొయ్యబారి నిలబడింది.

"నాన్నా, ఇదేంటి, తిరుపతిదాకా ఉంది? నెల్లూరు ముందే వచ్చేస్తుంది కదా?"

"శనివారం దర్శనం చేసుకుని, బస్సులో వెనక్కి నెల్లూరు వెళ్దాం," అన్నాడాయన, గోడకేసి చూస్తూ.

"అచ్ఛా, ఠీక్ హై!" వైశాలి గిర్రున తిరిగింది. ఉంగరాలన్నీ ఆమెతోపాటు తిరిగాయి. "మరి బుధవారం పొద్దున మళ్ళీ ఇలాగే చుడతావు కదమ్మా?"

సుభాషిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పమ్మా. చుడతావా?"

కరెంటు వచ్చింది. కూలర్ తిరగడం మొదలుపెట్టింది. వైశాలి ఒకసారి అమ్మనీ, ఒకసారి నాన్ననీ చూసింది.

రంగనాథ్ కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు బతికితే చాలని ఆసుపత్రిలో మీ అమ్మ వెంకన్నకు మొక్కుకున్నది నీ జుట్టే, తల్లీ."