ఐదో కుర్చీ

ఐదో కుర్చీలో కూర్చున్న ముసలామె సూపు ఇంకా తాగుతూనే ఉంది.

బల్ల చుట్టూ ఉన్న మిగతా నలుగురి గిన్నెలూ ఖాళీ అయ్యాయి.

శేషన్న సర్వరును పిలిచి అన్నం ఎప్పుడు తెస్తావని అడిగాడు. బల్ల మీద అందరూ తినడం అయ్యాకే తరువాతిది వడ్డిస్తామని, ఈ ఓడలో డైనింగ్ హాలు పద్ధతి అదేనని సర్వరు నవ్వుతూ చెప్పాడు.

శేషన్నకు ఒళ్లు మండింది.

వేంపల్లెలో శేషన్నది సిమెంటు కొట్టు. బాగా అమ్మిన డీలర్లను కంపెనీ ఈ ఏడాది చెన్నై నుంచి ఓడ ప్రయాణానికి పిలిచింది. రెండు రాత్రులు సముద్రం మీదే. భోజనం రెండు చోట్ల. పైన బఫే, కింద డైనింగ్ హాలు.

పైనే తిందామంది అతని భార్య మద్దమ్మ. ఆమెకు దవడ పళ్లు లేవు, నిదానంగా నమలాలి. పైగా చక్కెర జబ్బు. సూది వేసుకున్నాక కడుపునిండా తినకపోతే చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. బఫేలో అయితే ఎవరి తట్ట వాళ్లది. ఎవరు ఎంతసేపు తిన్నారో ఎవరూ చూడరు.

"తట్ట పట్టుకోని లైన్లో నిలబడేకి వచ్చినామా ఇంత దూరం? కింద మేనేజరు తింటాండాడు. ఆయన బల్లకాడే మనకు చోటు చెప్పినా," అన్నాడు శేషన్న.

జిల్లా డీలర్‌షిప్ ఎవరికిచ్చేదీ తేల్చేది ఆ మేనేజరే.

అలా ఆ బల్ల దగ్గర మేనేజరు, ఆయన భార్య, శేషన్న, మద్దమ్మ కూర్చున్నారు. ఐదో కుర్చీ ఖాళీగా ఉందని సర్వరు ఈ ముసలామెను తెచ్చి కూర్చోబెట్టాడు.

వెలిసిన నేత చీర. మెడలో ఏమీ లేదు. ఊరు ఎర్రగుంట్ల, అక్కడ తనకూ సిమెంటు కొట్టు ఉందంది. పేరు రాహేలమ్మ అంది.

పేరు విన్నాక శేషన్న తన కుర్చీని కొంచెం ఇవతలికి జరుపుకున్నాడు.

అది రాహేలమ్మ చూసింది. మద్దమ్మ కూడా చూసింది.

సూపు అయ్యాక అన్నం వచ్చింది. దానికీ ఆమెదే ఆఖరి తట్ట, మద్దమ్మది ఖాళీ అయ్యాకే అదీ ఖాళీ అయింది. తరువాత వచ్చిన పాయసానికీ ఆమెదే ఆఖరి గిన్నె. తనకన్నా నిదానంగా తినే మనిషి ఒకరు ఉన్నందుకు మద్దమ్మ లోలోపల సంతోషపడింది. ఆ పూట కడుపునిండా తింది.

మరుసటి రోజు మధ్యాహ్నం కూడా అంతే. సగం భోజనంలో మేనేజరు గడియారం చూసుకున్నాడు.

శేషన్నకు అది చాలు.

"ఏమ్మా, అన్నం తింటాండావా, రాళ్లు కొరుకుతాండావా? నీ ఒక్కదాని కోసరం మేమంతా చేతులు కట్టుకోని కూచోవాల్నా? పైన బఫే ఉండాది. ఆడికి పోయి పొద్దు మునిగేదాకా తిను, అడిగేటోళ్లు లేరు."

మేనేజరు భార్య నవ్వు ఆపుకుంది.

రాహేలమ్మ మద్దమ్మ తట్ట వైపు ఒకసారి చూసింది. అందులో ఇంకా సగం అన్నం ఉంది.

ఆమె తన తట్ట తానే ఎత్తుకుని లేచి, మెట్లెక్కి పోయింది.

ఆ సాయంత్రం ఐదో కుర్చీ ఖాళీ.

ఆఖరి తట్ట ఇప్పుడు మద్దమ్మది. మేనేజరు చూస్తున్నాడు, ఆయన భార్య చూస్తోంది, సర్వరు గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆమె నమలకుండా మింగబోయింది. గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగి మళ్లీ చెంచా పట్టుకుంది.

శేషన్న సర్వరుకు చేయి ఊపి, ఆ తట్ట తీసేయమన్నాడు.

"ఇంగా తింటాండా," అంది మద్దమ్మ.

"చాల్లే, పరువు తీయాకు," అన్నాడతను, మేనేజరు వైపు నవ్వుతూనే.

సర్వరు తట్ట తీసుకుపోయాడు.

గదికి చేరేసరికి మద్దమ్మ రవిక చెమటతో తడిసిపోయింది. వేళ్లు వణికి బిస్కెట్ల పొట్లం చించడానికి రాలేదు. ఎలాగో చించి నాలుగు బిస్కెట్లు నోట్లో కుక్కుకుంది. శేషన్న మంచం మీద కూర్చుని, జిల్లా తన చేతికొస్తే ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ నుంచి సిమెంటు లోడ్లు నేరుగా కొట్టుకే వస్తాయని చెబుతూనే ఉన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"నేను సూది వేసుకున్యాది నువ్వు చూసినావు. చూసి కూడా నా ముందర కూడు తీపిచ్చినావు. ఆ మేనేజరు పక్కన కూచునేదానికి నేను సచ్చినా నీకు ఫరవాలేదు. రేపు నేను పైన తింటా. వద్దన్యావంటే, ఈ మాటే ఆయన ముందర చెప్తా."

శేషన్న లేచి తలుపు గడియ వేసి వచ్చాడు.

తెల్లవారి ఓడ చెన్నై చేరింది. మద్దమ్మ ఒక్కతే పైకి వెళ్లింది. మొగుడు అన్న మాటలకు క్షమాపణ చెప్పి, రాహేలమ్మ పక్కన కూర్చుని నింపాదిగా తినాలనుకుంది. ప్రతి బల్లా వెతికింది. ఎక్కడా లేదు.

బనగానపల్లె డీలరు భార్య ఈరక్క ఒక మూల ఇడ్లీ తింటూ కనిపించింది. ఆమె మొదటి నుంచీ బఫేలోనే తింటోంది. రాహేలమ్మ అందరికన్నా ముందు దిగిపోయిందని, ఈపాటికి రైలు స్టేషనుకు చేరి ఉంటుందని ఈరక్క చెప్పింది.

మద్దమ్మ పక్క కుర్చీలో కూలబడింది.

"నిదానంగా తింటాదని మా ఆయప్ప ఆయమ్మను తరిమేసినాడు ఈరక్కా."

ఈరక్క ఆమె వైపు వింతగా చూసింది.

"నిదానమా? నిన్న రాత్రి నా పక్కనే కూచున్యాది మద్దక్కా, నేను నీళ్లు పట్టుకోని వచ్చేలోపల తట్ట ఖాళీ చేసినాది. కొట్టు పెట్టకముందు ఇరవై ఏండ్లు పాలిష్ ఫ్యాక్టరీలో నాపరాళ్లు మోసినామె, పది నిమిషాల్లో సద్ది తిని లేయకపోతే ఆ పూట కూలి లేదంట. నిదానంగా తినేది ఆయమ్మకు యాడ తెలుసు?"