ఫొటోలో మిగిలిన చక్రం

“ఈయప్పను తీసేయ్ కేశవా!” అంది పద్మప్రియ.

కేశవ మౌస్ పట్టుకుని ఫొటో అంచు కత్తిరించాడు. ఎద్దులబండి, దాని మీద డ్రమ్ము, పక్కన తలగుడ్డ చుట్టుకున్న మనిషి, అన్నీ మాయమయ్యాయి. పిల్లలు, కానుగ మొక్కలు మాత్రం మిగిలాయి.

కంబదూరు పక్కన ఒక పల్లెలో హైస్కూలు అది. 2004వ సంవత్సరం. బడికి కంప్యూటర్లు వచ్చి ఏడాది దాటినా పాఠాలకంటే పాము ఆటకే ఎక్కువ పనికొచ్చాయి.

ఈసారి పదో తరగతి వాళ్ళకు పెద్ద ఆలోచన వచ్చింది. ఆరో తరగతి నుంచి తీయించుకున్న ఫొటోలన్నీ కళ్యాణదుర్గంలో స్కాన్ చేయించి, ఒక సీడీలోకి ఎక్కించి, వీడ్కోలు సభలో ఊరందరికీ చూపించాలి. జిల్లాలో ఇలాంటి పని చేసిన బడి ఇంకోటి లేదని భరత్ అందరికీ చెప్పుకొచ్చాడు. జిల్లా అంతా తిరిగి చూసొచ్చినట్టు!

సభ ఆ సాయంత్రమే.

ఇంకో ఫొటో తెరిచారు. మళ్ళీ అదే మనిషి.

“ఎనిమిదో తరగతి కాడ్నుంచి ప్రతి ఫొటోలోనూ దూరినాడేందప్పా!” అన్నాడు భరత్.

“ఎవురాయన?” అంది పద్మప్రియ.

“పంచాయతీ వాళ్ళు మన చెట్లకు నీళ్ళు తోలిస్తాండారు గదా, ఆ బండాయప్ప.”

“తీసేయ్. మన బ్యాచ్ కాదు గదా.”

కేశవ తీసేశాడు. పక్కూరి నుంచి బడికొచ్చే పిల్లవాడు. మాట్లాడడు, చెప్పిన పని చేస్తాడు. అందుకే మౌస్ వాడి చేతికిచ్చారు.

అసలు తప్పు ఫొటోలు తీసిన ఆదెప్పది. పొద్దుటి ఎండే బాగుంటుందని ప్రార్థన గంట కొట్టకముందే అందరినీ నిలబెట్టేవాడు. నీళ్ళబండి వచ్చిపోయేదీ ఆ వేళకే.

చివరి ఫొటో చెట్లది. ఎనిమిదో తరగతిలో నాటిన మొక్కలు ఇప్పుడు వాళ్ళకంటే ఎత్తు పెరిగాయి. వానలు ముఖం చాటేసిన నేల మీద, ఆ ఎండల్లో చెట్టును బతికించడమంటే మాటలా? పిల్లల గర్వంలో న్యాయముంది.

“మూలలో బండి చక్రం కనపడతాండాది. అదీ తీసేయ్,” అంది పద్మప్రియ.

“కొమ్మ తెగుతాది. ఉండనీ,” అన్నాడు కేశవ.

వాడు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. పద్మప్రియ కాస్త వింతగా చూసి, సరేలెమ్మంది.

“ఈ ఫొటో కింద పేర్లు రాద్దాం. బడున్నన్నాళ్ళూ బండొచ్చె. ఎండాకాలం సెలవుల్లో నీళ్ళు పోసిందెవురు?”

“లక్ష్మన్న వాళ్ళు,” అన్నాడు భరత్.

వరండాలో రంగుకాగితాలు అంటిస్తున్న లక్ష్మన్నను పిలిచారు.

“మేమా? నువ్వే గదరా పోసింది!” అన్నాడు లక్ష్మన్న.

“నేను మా అవ్వోళ్ళ ఊరికి పోయింటినే. ఆడపిల్లోళ్ళు పోసినారనుకుంటి.”

“మేం మీరు పోసినారనుకుంటిమి!” అంది పద్మప్రియ.

రెండు ఎండాకాలాలు పోయాయి. ఒక్కరూ ఒక్క బిందె పోయలేదు. కిటికీ బయట చెట్లేమో పచ్చగా ఊగుతున్నాయి.

పద్మప్రియకు సిగ్గేసింది. సీడీ ఆలోచన ఆమెదే. అందులో అబద్ధం ఒక్క అక్షరం ఉన్నా ఆమె ఒప్పుకోదు.

“అయితే ఆ బండాయప్పే పోసింటాడు. పేరు కనుక్కోనొస్తా,” అని సైకిలెక్కింది.

పంచాయతీ ఆఫీసులో అటెండరు సుంకప్ప ఆమె మాట విని నవ్వాడు.

“ఏమ్మా, మనుషులు తాగేదానికే నీళ్ళు చాలడంలే. మీ చెట్లకు మేం బండి తోలిస్తామా? అట్లాంటి మనిషెవుర్నీ మేం పెట్టలేదు తల్లీ.”

పద్మప్రియ ఎంత వేగంగా వెళ్ళిందో అంతకంటే వేగంగా తిరిగొచ్చింది.

“పంచాయతీ మనిషి కాదంటప్పా! అన్ని ఫొటోల్లోంచీ తీసేస్తిమే! ఇప్పుడు మళ్ళీ కళ్యాణదుర్గం పోయి స్కాన్ చేయించే టైం యాడుండాది?”

అప్పుడు కేశవ నోరు విప్పాడు.

“ఆయప్పది సొంత బండి. నీళ్ళు సొంత బోరువి. పోయినేడు చేన్లో చెనిక్కాయ పంట ఎండిపోతాంటే గూడా, ముందు మన చెట్లకే తోలినాడు.”

“తెల్సీ చెప్పలేదేంరా?” భరత్ గట్టిగా అడిగాడు.

“చెప్పొద్దన్నాడు. ‘పిల్లోళ్ళు మేమే పెంచినామని మురిసిపోతాండారు. అట్లే అనుకోనీ. తమవనుకుంటేనే రేపు ఎవుర్నీ కొమ్మ విరగ్గొట్టనియ్యరు’ అన్నాడు.”

పద్మప్రియ కళ్ళు తుడుచుకుంది.

“సాయంత్రం పిల్చుకోని రా కేశవా. పెద్దసారు పక్కన కుర్చీ వేద్దాం.”

“యాడుండాడు ఆయప్ప? బోరు ఎండిపాయ. శివరాత్రి ముందర ఎద్దుల్ని అమ్మేసి బెంగళూరికి పోయినాడు, బిల్డింగుల పనికి.”

కేశవ చెట్ల ఫొటోను తెర నిండా పెద్దది చేశాడు.

అందరూ స్క్రీన్ వైపు చూశారు. పచ్చటి కొమ్మల చాటున, మట్టి అంటిన ఆ చక్రం ఒక్కటే మిగిలి ఉంది. ఇందాక దాన్ని తీసేయమన్నది తానేనని పద్మప్రియకు గుర్తొచ్చింది.

“చక్రం కిందన్నా పేరు పెడదాం. మన పేర్లేవీ వద్దు,” అందామె కీబోర్డు మీద చేతులు పెట్టి. “పేరు చెప్పు, నేను కొడతా.”

“జరుగు. నేనే కొడతా.”

కేశవ కీబోర్డు తన ముందుకు లాక్కున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఐదేళ్ళుగా వెనక బెంచీలో ఒదిగి కూర్చున్న పిల్లవాడు మొదటిసారి ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

ఆ కంప్యూటర్‌కు తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలనే ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ, అందరూ చూస్తుండగా, చక్రం కింద కొట్టాడు: ‘తిప్పయ్య, మా నాయన.’